కొఱవిదయ్యము – బాణామతి

హైదరాబాదునందలి సుల్తానుబజారు 1933వ సంవత్సరము వఱకు నాంగ్లరెసిడెంటు నేలుబడిలోనుండి రెసిడెన్సీబజారని పిలువఁబడుచుండెను. 1797 మొదలు 1805 వఱకు రెసిడెంటుగానుండిన జేమ్స్ ఎకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన కోఠి సౌధము దానికి సమీపముననే యున్నది. ఆంగ్లేయుల కొలువు, మార్వాడీల కొట్లు, మహారాష్ట్రుల యిండ్లు, 1901లో నెలకొనిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, ఉర్దూ మాటలాడు బండివాండ్రు – ఇన్నియు నొకచోటఁ గూడుటచే నా పేటలో ననేకభాషలు తఱతరములుగా నొకదాని నొకటి యొరసికొనినవి. ఒక భాషనుండి వేఱొక భాషకు మాటలు దాఁటిన త్రోవలను వెదకువారి కిట్టి పేటలు శాసనములకంటెఁ దక్కువ యుపకరించునవి కావు. ఇట్లు దాఁటినమాటలలో బాణామతి యొకటి.

ఇంటిమీఁద ఱాళ్లు పడుట, పెట్టెలోని బట్టలు తమంతఁ గాలుట, వంటకములోఁ బెంటికలు కానవచ్చుట, మనుష్యుని మేన గీఱ్లు పడుట, ఆఁడువారు కుక్కలవలె మొఱుఁగుట – ఇవి బాణామతి లక్షణములని జనులు చెప్పుదురు. పశ్చిమతెలంగాణమున నీమాట యెఱుఁగని పల్లె లేదు. మొన్నమొన్నటిదాఁక దీనిపేరఁ బండ్లూడఁబెఱుకఁబడినవారును, చంపఁబడినవారును గలరు. కావున నీ మాట పుట్టుక నరయుట కేవలము వైయాకరణుల వినోదము గాదు.

లోకమీ బాణామతిని కొఱవిదయ్యముతో నొక్కగాటఁ గట్టుచున్నది. రెండును రూపములు మార్చును, రెండును రాత్రి తిరుగును, రెండును మనుజుల నేడిపించును గదా యని దానికి హేతువు. విచారింపఁగా నవి రెండును వేఱు కులములవని తేలును. మొదటఁ గొఱవిదయ్యముసంగతి.

చెఱువుకట్టమీఁదనో, శ్మశానముదాపుననో, పంటకోసిన తడిచేలలోనో రాత్రివేళ నొక మంట కనఁబడును. బాటసారి దానిని మనిషి దీపమనుకొని దాపునకుఁ బోఁగా నది యంతకంత దూరమగును, నిలిచినచో నిలుచును, ఒకటి రెండగును, రెండు మరల నొకటియగును. తెల్లవాఱునప్పటికి వాఁడు బయలుదేఱినచోటనే యుండును, లేదా బురదలో మోఁకాలిలోఁతున దిగఁబడియుండును. ఒక్కొక్కప్పుడది తెలిసినవాని గొంతుతోఁ బేరుపెట్టి పిలుచును. కావుననే రాత్రి యొక్క పిలుపునకుఁ బలుకరాదని పెద్దలందురు. ఒక్కొక్కప్పుడు ముసలివాని వేసమున వచ్చి చుట్టకు నిప్పడుగును. తనచేతనే కొఱవి యుండఁగా నొరుని నిప్పడుగు నీ దయ్యమునకు హాస్యరస మెక్కుడని యొప్పుకొనవలయును. ఇది ప్రాణము తీసెనను కథ లరుదు. భయపెట్టి, తిప్పి, అలయించి, నవ్వి విడిచిపెట్టునవే తఱచు.

కొఱవి యనఁగాఁ గాలుచున్న కట్టె. తలకొఱవి యను మాటవలన నీ కట్టె చితికి సంబంధించినదని తెలియుచున్నది. దయ్యము దైవశబ్దభవము. ప్రాకృతమున దైవశబ్దమునకు దఇవ, దేవ్వ యను రెండు రూపములు గలవు. మొదటిదానినుండి మన దయ్యము వచ్చినది. ప్రాఁతకవుల ప్రయోగములలో దయ్యమనఁగా వేలుపనియే యర్థము, విధియనియు నర్థము. పూజలందిన మాట క్రమముగా శ్మశానమునకు దిగినది. ఇందు వింతపడవలసినది లేదు. అమరసింహుఁడు స్వర్గవర్గమున దేవయోనులను బదింటిని జెప్పుచు విద్యాధరాప్సరసలతోడను సిద్ధులతోడను బిశాచమును భూతమును గూడ నొకపంక్తిలోనే కూర్చుండఁబెట్టెను. వేలుపునకును దయ్యమునకును నడుమ గోడ తరువాతివారు కట్టినది.

ఈ పంక్తిలోని గంధర్వుఁడొకఁడు రూపము మార్చి చేసిన పని తెలుఁగువారందఱు నెఱిఁగినదే. అల్లసాని పెద్దన మనుచరిత్రమున మాయాప్రవరుఁడై వరూధినిని వంచించినవాఁ డితఁడు. మూలమైన మార్కండేయపురాణమున నా గంధర్వునికిఁ గలి యని పేరు. నలునిఁ బట్టినవాఁడును గలియే. ఆ కథలో నలుఁడు బంగారుఱెక్కల పక్షులను బట్టఁగోరి కట్టుబట్ట విసరఁగా నవి దానిని గొనిపోయి, తాము పక్షులము గామనియుఁ బాచికల మనియుఁ జెప్పి యెగతాళి చేసినవి. ఇరువురు కలు లొక్కరు గాకపోవచ్చును, చేష్టమాత్ర మొక్కటి. మనుజునిఁ జంపుట గాక వెంగలిని జేయుట యా చేష్ట.

ఇఁక సంస్కృతపండితులు కొఱవిదయ్యమునకుఁ జూపఁదగిన మూలము మనుస్మృతియందుఁ గలదు. పండ్రెండవ యధ్యాయమున స్వధర్మభ్రష్టుఁడైన బ్రాహ్మణుఁడు క్రక్కినకూడు తిను నుల్కాముఖుఁడను ప్రేతమగునని చెప్పఁబడినది. ఆ వెంటనే వైశ్యునకుఁ జెప్పిన మైత్రాక్షజ్యోతికుఁడను పేరునందును వెలుఁగున్నది. కుల్లూకభట్టీ పదమునకుఁ జెప్పిన విగ్రహము సభలోఁ జెప్పఁదగినది గాదు గాని, జ్యోతిశ్శబ్దపు షకారము లోపించుటకుఁ బృషోదరాదులలోఁ జేర్చి యతఁడు గట్టెక్కెను. భవభూతి మాలతీమాధవము నైదవయంకమున శ్మశానమును వర్ణించుచుఁ జెవులదాఁక చీలిన నోళ్లనుండి మంటలు వెడలు నుల్కాముఖులను జూపినాఁడు. ఉల్కాముఖుఁడే కొఱవిదయ్యమని తేల్చివేయుట కింతకంటె నేమికావలెనని తోఁచును.

కాని తేల్పరాదు. ఉల్కాముఖుఁడు బహువ్రీహి, మంట నోటియందు నియతము. కొఱవిదయ్యము మధ్యమపదలోపి, కొఱవి పట్టిన దయ్యమో, కొఱవి మోసిన దయ్యమో, కొఱవియైన దయ్యమో చెప్పువాని యిష్టము. జనులును మంటను గొందఱు చేతఁ బెట్టుదురు, కొందఱు నోటఁ బెట్టుదురు, కొందఱు మంటయే దయ్యమందురు. సంస్కృతమును జూచి చేసినమాట యైనచో నోటిప్రసక్తి విడువఁబడియుండదు. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. మనువుచెప్పిన ప్రేతము శిక్ష ననుభవించునది. భవభూతి చూపినది మాంసము తినునది. త్రోవ తప్పించుట, పేరుపెట్టి పిలుచుట, చుట్టకు నిప్పడుగుట వీని కెందునను జెప్పఁబడలేదు. కొఱవిదయ్య మెవని పాపఫలమును గాదు. అది పూర్వజన్మమున నెవ్వరో పల్లెవాఁ డడుగఁడు. ఆముక్తమాల్యదలో మాలదాసరిని బట్టిన కుంభజానువు పూర్వజన్మమున సోమశర్మ యను బ్రాహ్మణుఁడు. ఆ బ్రహ్మరాక్షసునకుఁ జరిత్ర యున్నది, విమోచనమున్నది. కొఱవిదయ్యమునకు రెండును లేవు. స్మృతికారులు వెలుఁగును జూచి ధర్మము చెప్పిరి. పల్లెవారు వెలుఁగును జూచి నవ్వు చెప్పిరి. చూచిన వెలుఁగు మాత్ర మొక్కటియే కావచ్చును.

ఆ వెలుఁగునకుఁ గారణము బురదనేలలలోఁ గుళ్లిన యాకులలములనుండి పుట్టు వాయువని పాశ్చాత్యులు చెప్పుదురు. 1776లో ఇటలీదేశీయుఁడగు వోల్టా సరస్సుల యడుగుబురదఁ గలఁచి యీ వాయువును బట్టెను. అయిన నది తనంత నంటుకొనునది గాదు. ఎముకలలోని భాస్వరముతోఁ గూడిన మఱియొక వాయువు దాని నంటించునని కొంద ఱూహించిరి. జపానువారికి నక్కలు వెలిగించు దీపములివి.

బ్రిటనుదేశమున నిట్టి వెలుఁగునకును, దానికిఁ జుట్టములైన రూపచోరులకును ఊరూరఁ బేళ్లున్నవి. షేక్స్పియరు నాటకములోని పక్కు రాత్రి తిరుగువారిని ద్రోవతప్పించి నవ్వును. ముసలిది కూర్చుండఁబోవు ముక్కాలిపీఁటయై జాఱిపోవును. గుఱ్ఱము, కుక్క, పంది, ఎలుఁగు, కడపట నిప్పుగూడ నగుదునని చెప్పుకొనును. డెవనుసీమవారు దారితప్పించు పిక్సీలబాధకు విరుగుడుగాఁ గోటును ద్రిప్పి తొడుగుకొందురు. ఉత్తరమున డర్హాముసీమలో పిక్‌ట్రీ బ్రాగనునది యొకప్పుడు మెడకు తెల్లగుడ్డ కట్టిన దూడ, ఒకప్పుడు తలలేని దిగంబరపురుషుఁడు. వీనిలోఁ గొఱవిదయ్యమున కెక్కువ దగ్గఱది నార్తంబర్లాండులోని హెడ్లీ యను కుగ్రామపు ‘కౌ’. స్టీవెన్ ఆలివరు 1835లోఁ బ్రచురించిన తన సంచారగ్రంథమునను, విలియం హెండర్సను 1866లో నుత్తరమండలముల జనశ్రుతులను గూర్చిన గ్రంథమునను దీనిని వర్ణించిరి.

హెడ్లీకౌ చేసిన పనులు వినఁదగినవి. పుల్లలేఱుకొను ముసలిదాని ముందర గడ్డిమోపై పడియుండును. ఆమె యెత్తి వీఁపునఁ బెట్టుకొనఁగా నడుగడుగునకు బరువెక్కును. దించఁగానే నిలువఁబడి యిటునటు తూలుచు, నవ్వుచుఁ బోవును. పాలుపిదుకు పిల్లకుఁ దమయావువలెనే కనఁబడి, పొలమంతయుఁ ద్రిప్పి, దొరకి, పిదుకనిచ్చి, పాలకుండను దన్ని, పలుపు జాఱించుకొని పోవును. ఇరువురు యువకులు తాము మెచ్చిన కన్యలను సంకేతస్థలమునఁ గలిసికొనఁబోఁగాఁ గౌ యిద్దఱుకన్యల రూపము నొకసారియే దాల్చి వారిని బురదలోనికి నడిపించెను. జోసెఫ్ జేకబ్సు 1894లో నచ్చొత్తించిన కథలో నొక బీదముసలమ్మకు త్రోవలో బంగారుకుండ దొరకును. ఈడ్చుకొని పోవుచు వెనుదిరిగి చూచిన కొలఁది నది వెండియగును, ఇనుమగును, ఱాయియగును. ఇంటివాకిటఁ గాళ్లు చాఁచి కౌయై గంతులిడి పాఱిపోవును. ముసలమ్మ ప్రతిమార్పునకును దనమేలే యనుకొని సంతసించెను. తుదకుఁ గౌనే కన్నులారఁ జూచితినని మురిసికొనెను. ఈ కథకు మన బేతాళునికథతో నొక పోలిక యున్నది. విక్రమార్కుఁడును భుజమునఁ బెట్టినది ప్రతిసారియు జాఱిపోవఁగా విసువక మరలివచ్చును. దయ్యమునోడించునది యందు సహనము, ఇందు సంతోషము.

ఈ కౌను ఎవ్వరును బంపలేదు. ఇది ముఖ్యము. పాలకుండ తన్నఁబడినపుడా పిల్ల పొరుగింటివారిపై నేరము మోపలేదు. అది కౌ పని. మన పల్లెలో రాత్రి దారితప్పినవాఁడును బొరుగువానిని దూఱఁడు. అది కొఱవిదయ్యపుఁ బని. ప్రమాదమునకుఁ గర్త యున్నాఁడు గాని యా కర్తకు ఇల్లు లేదు, పేరు లేదు, కొట్టుటకు వీఁపు లేదు.

రూపముమార్చు శక్తి దయ్యమునుండి మనుష్యున కెక్కినప్పు డేమగునో తెలిసికొనుటకు హెడ్లీ దాఁటి దూరము పోనక్కఱలేదు. దానికిఁ గొన్నిమైళ్ల దూరములో స్టాక్స్‌ఫీల్డను నూరు గలదు. 1673లో నచటి యాన్ ఆర్మ్‌స్ట్రాంగను సేవకురాలు న్యాయాధికారులయెదుటఁ బ్రమాణపూర్వకముగా వాఙ్మూలమిచ్చెను. పొరుగుస్త్రీ యొకతె తన నోటఁ గళ్లెము వేసి, గుఱ్ఱముఁ జేసి యెక్కి, రైడింగను చోటికిఁ బోయినదనియు, నచట స్త్రీలు పిల్లి మొదలగు రూపములు దాల్చి విందులు చేసిరనియు నామె చెప్పినది. ఈ వాఙ్మూలములు సర్టీసు సంఘమువారి ప్రచురణమున 1861లో నచ్చుపడినవి. కౌ కథలలోఁగూడ గుఱ్ఱమున్నది, కళ్లెమున్నది, రాత్రి త్రోవయున్నది. భేదమొక్కటే: ఇచట రూపము మార్చినవారికి నామధేయములున్నవి. సమీపపట్టణమగు న్యూకాసిలున నంతకుముందే, 1650లో, స్కాట్లాండునుండి రప్పింపఁబడిన యొకఁడు స్త్రీలమేన సూదిగ్రుచ్చి మంత్రగత్తెలను బోల్చెను. పోల్చిన యొక్కొక్కతెకు ఇరువది షిల్లింగులు వాని కూలి. పదిమందికి మించి యురిదీయఁబడిరి. 1604లోఁ గట్టుదిట్టము చేయఁబడిన మంత్రగత్తెల చట్టము 1736లో రద్దు గావింపఁబడినది. హెడ్లీకౌ నెవ్వరును రద్దు చేయలేదు. చేయవలసిన పనియుఁ గలుగలేదు.

ఇపుడు బాణామతి. ఇది కౌ చేష్టలనే చేయును: ఱాళ్లు విసరును, పాలు విఱుచును, బట్ట కాల్చును. కాని యిచట నెవ్వరో చేయించినారనుట మొదటిమాట. దయ్యము కాదు, పొరుగువాఁడు. ఎవఁడని యడుగుటకు మంత్రగాఁడు కావలెను. వాఁడు సొమ్ము పుచ్చుకొని దిక్కు చెప్పును. ఆ దిక్కున నొంటరి ముసలిదియో, వైద్యముచేయు బీదవాఁడో, భూతగాదాలోనున్న దాయాదియో యుండును. న్యూకాసిలు సూదివానిపనియు నిదియే. పండ్లు పెఱుకుట యెందుకనఁగా మంత్రము సరిగా నుచ్చరింపకుండుటకఁట. వర్ణముల స్థానకరణములను గూర్చిన శిక్షాశాస్త్రజ్ఞాన మింత క్రూరముగా నుపయోగపడుట యెందును లేదు.

ఈ తలఁపునకుఁ దోడుపడినది మాటయొక్క రూపము. బాణామతి యనఁగా బాణము గలదని, అనఁగా నొకఁడు వేయఁగాఁ దగులునదని జనులర్థము చెప్పుదురు. బాణమున్నచో వేసినవాఁ డుండవలె నని తర్కము. ఈ వ్యుత్పత్తి నిలువదు. మతుప్ప్రత్యయపు మకారము అకారాంతముమీఁద వకారమగునని పాణిని విధి. ధనవతి, గుణవతి, పుష్పవతి యనియే గాని ధనమతి యని లేదు. దీని కపవాదముగాఁ జెప్పఁబడిన యవాదిగణమున బాణశబ్దము లేదు. కావున బాణమునుండి బాణవతి రావలెను. మతిశబ్దముతో సమాసమందమన్న బాణమతి యగును గాని నడిమి దీర్ఘము రాదు. సంజ్ఞయందు శరావతి మొదలగువానివలె దీర్ఘమందమన్నను, శరాదులలో బాణము చదువఁబడలేదు; చదివినను శరావతియందువలె వకారమే మిగులును. మకారము నిలిచినదనఁగా దానిముందు మొదట అకారము లేదని యర్థము. ఉకారమున్నచో నిలుచును: భానుమతి.

భానుమతి యెవ్వతె? ఉత్తరదేశపు జనశ్రుతులలో గారడివిద్యకు మూలపురుషునివంటిది. విక్రమార్కుని యిల్లాలనియు, భోజరాజు కూఁతురనియుఁ గథలు గలవు. హిందీలో భానమతీ యనఁగా గారడికత్తె. పలువింతలు కలగలుపుగా నున్న పెట్టెను భానమతిపెట్టె యందురు. ఆ మాటయే మహారాష్ట్రమున భానామతీ యైనది. అచట దాని యర్థ మింటిమీఁద ఱాళ్లుపడుట మొదలగు వింతలే, తెలంగాణమునందువలెనే. తెలుఁగునోట భకారము వొత్తు పోఁగొట్టుకొనుట సహజము. నకారము ణకారమగుట బాణమును దలఁచినవారి చేఁత. సుల్తానుబజారులో మరాటీలు ఒకయింట భానామతి యనియుఁ, దెలుఁగువారు పక్కయింట బాణామతి యనియుఁ బలుకఁగా విన్నవారికి నీ వ్యుత్పత్తి చెప్పనక్కఱలేదు.

దేశవ్యాప్తియు దీనినే బలపఱచును. సర్కారుజిల్లాలలోఁ జేతబడి, చిల్లంగి యను మాటలున్నవి. బాణామతి వారికిఁ బరభాష వంటిది. ఈ మాట నాటుకొన్నది మరాట్వాడ, బీదరు కలుబుఱిగి సీమలు, వానినంటిన తెలంగాణపు జిల్లాలు. అనఁగా 1956 నవంబరు 1వ తేది వఱకు నొక్క హైదరాబాదు సంస్థానముగా నుండిన భూమి. మూఁడు భాషలవారు నొక్క తాలూకాకచ్చేరికిఁ దిరిగి, ఒక్క సంతలో బేరములాడి, యీ భయమును గూడఁ బంచుకొనిరి. రాజ్యము పోయినది, ఎల్లలు మాఱినవి, మాట మాత్ర మా పాఁత యెల్లలనే కాపాడుచున్నది.

మూలార్థము గారడి యైనచో బాణామతి మొదట మంత్రము గాదు, కనికట్టు. పెట్టెలోని బట్ట కాలుటకు రసాయనములు చాలును. ఱాయిపడుటకుఁ జీఁకటియు నొక పిల్లవాఁడును జాలును. గారడివాని విద్యలో మోసపోవువాఁడు తానును నవ్వును. ఆ నవ్వు పోయి వెఱపు మిగిలినదెప్పుడో చెప్పు వ్రాఁతప్రతులు లేవు. కొఱవిదయ్యమును బాణామతియు నొక్కటే యనుకొనుట యా మాఱుపునకుఁ దరువాతిదని మాత్రము తోఁచుచున్నది. సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘికచరిత్ర జనుల నమ్మకములను గూడఁ జరిత్రకు సామగ్రిగా గ్రహించి యీ త్రోవఁ జూపినది. బిరుదురాజు రామరాజు 1958లోఁ బ్రచురించిన జానపదగేయసాహిత్యగ్రంథము పల్లెనోటి మాటకుఁ బండితసభలోఁ బీఁట వేసినది. పాటలకుఁ జేసిన యీ పని దయ్యములకథలకుఁ జాలినంతగా జరుగలేదు. ముసలివా రున్నప్పుడే, ఊరిపేరుతోను, పలికిన పలుకుబడితోను వానిని వ్రాసికొనవలయును. సంస్కృతనామములు తగిలించి సరిదిద్దరాదు.

పూర్వసంస్థానపు మూఁడుముక్కలలో మహారాష్ట్రమునఁ జేరినదానికి 2013లోను, కర్ణాటకమునఁ జేరినదానికి 2017లోను క్షుద్రవిద్యల నడంచు చట్టములు వచ్చినవి. తెలంగాణమున నిట్టి హత్యలు సామాన్యమైన శిక్షాస్మృతిక్రిందనే విచారింపఁబడుచువచ్చినవి. పోలీసువారి కాగితములలో నా మాట బాణమతి, బాణామతి, భానామతి యని మూఁడువిధములఁ గానవచ్చును. మూఁడవదియే సాధువు.